ఏడాది తిప్పని పలక

చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది

ఇవాళ పని: పడవల ఫోన్లు, ఇళ్ల ఫోన్లు అన్నింటికీ ఏడాది తిప్పాను. ఎర్రమ్మ ఫోనులో చోటు ఖాళీ చేశాను. అందులో పూలూ దీపాలూ వేసిన శుభోదయం బొమ్మలు కొన్ని వందలున్నాయి. అవి పంపినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. అయినా ఒక్కటీ తీసెయ్యనివ్వదు. చివరికి బొమ్మల్ని కుదించి చిన్నవి చేసే పాత ప్రోగ్రాము వేసి, ఆమె కళ్లెదుటే తెరిచి చూపిస్తే గాని నమ్మలేదు.

నా తరవాత ఈ ఫోన్ల మరమ్మతు కొట్లో కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందుకని తెలిసిన సంగతే మళ్లీ చెప్పాలి. పడవలకి తోవ చూపించే ‘దారి’ అనే యాప్ నడిపిన కంపెనీ ఇప్పుడు లేదు. దాని గడువు పెంచేవాళ్లూ లేరు. ఫోను తేదీ గడువు దాటనంత కాలమే అది పనిచేస్తుంది. దాటిన తేదీని ఒక్కసారి చూసిందంటే తన పెట్టె తాళంచెవి తనే మింగేస్తుంది. ఆ తరవాత తేదీ ఎంత వెనక్కి తిప్పినా ప్రాణం రాదు. అందుకే ప్రతి ఉగాదికీ ఫోన్లని వాటి లెక్కలో నిరుటి ఉగాదికి తిప్పుతాం. ముందు ఏడాది తిప్పి, ఫోను మూలకి పసుపు బొట్టు పెట్టి, ఆ తరవాతే పచ్చడి నోట్లో వేసుకుంటాం. మా ఊరు ఉప్పుమెరకలో పుట్టిన పిల్లలకి ఉగాది అంటే ఇదే. కొన్నేళ్లుగా మా ఫోన్లన్నీ ఒకే ఏడాదిలో గుండ్రంగా తిరుగుతున్నాయి. అందుకే నేను ఇక్కడ తిథి వేస్తున్నాను. చంద్రుణ్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

మధ్యాహ్నం ఇంటికి వెళితే దాలమ్మ పిన్ని పచ్చడి గిన్నెతో గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కింటావిడ. మా అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్నీ పెంచింది ఆవిడే. ఏదో ఘనకార్యం చేసినట్టు మొహం వెలిగిపోతోంది.

“నీకు తీరుబాటు ఉండదని నానే తిప్పీసినానే గవరా. ఏడాది తిప్పని పలక ఇంట్లో ఉంటే అరిష్టం కాదేటి?”

చెప్పులు విప్పకుండానే లోపలికి పరిగెత్తాను.

మా తమ్ముడు తవిటయ్య గుండెలో చిన్న పెట్టె ఉంది. వాడి గుండె తనంతట తను సరిగా కొట్టుకోదు, ఆ పెట్టె దాన్ని తట్టి లేపుతూ ఉంటుంది. ఆఖరి ఆసుపత్రి పడవ వెళ్లిపోతూ, పెట్టెని చూసుకునే చేతి కంప్యూటర్ని మాకు వదిలి వెళ్లింది. పెన్నుతో నొక్కేది, చాలా పాతది. మేము పలక అంటాం. వారానికోసారి దాన్ని వాడి రొమ్ము మీద పెట్టాలి. పలకా పెట్టే ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. లేకపోతే పెట్టె రోజురోజుకీ పని తగ్గించుకుని ఆగిపోతుంది. దొంగసొత్తు ఎవరూ వాడుకోకుండా కంపెనీవాళ్లు చూపించిన తెలివి అది. ఈ పలక తేదీ మాత్రం తిప్పకూడదు. మా మెరక మొత్తానికి నిజం తేదీ తెలిసిన వస్తువు అదొక్కటే.

వెంటనే తేదీ సరిచేశాను. పండగ పూట తిట్టకూడదని నోరు నొక్కుకున్నాను. సరిచేశాను కదా, ఇంకేం భయం లేదనుకున్నాను.

విదియ

పడవలన్నీ వేటకి వెళ్లాయి. మగవాళ్లలో మిగిలింది తమ్ముడూ, కూర్మన్న తాతా. దాలమ్మ పిన్ని మొగుడు గురవయ్య చిన్నాన్న ఎప్పట్లాగే ఒంటరిగా వెళ్లాడు. పక్కన మనిషి ఉంటే చేపలు బెదురుతాయంటాడు. నిజానికి ఆయన పాటలకి మనుషులే బెదురుతారు.

గట్టు మీద ఇంటింటా ఫోన్లు ‘దారి’ తెరిచి ఉన్నాయి. ఇంటి ఫోను పలుకుతుంటే పడవ ఫోను విని, మునిగిపోయిన కిందూరు మేడల మీదుగా సందు చూపిస్తుంది. ఒక ఇంటికి ఒక పడవ జత. ఇంకో ఇంటి మాట ఆ పడవ వినదు.

ఇవాళ పని: పలక తెర కింది సగం పెన్నుకి పలకడం మానేసింది. మీటలన్నీ పై సగానికి జరిపే చిన్న ప్రోగ్రాము వేశాను. అక్కర్లేనివి తీసేశాను. వేడెక్కకుండా వేగం తగ్గించాను.

తదియ

పలక పెట్టే రోజు. తమ్ముడి రొమ్ము మీద పెట్టాను. ఎప్పుడూ ఆకుపచ్చ గీత వచ్చేది, ఇవాళ ఎర్రది వచ్చింది. తేదీని చేత్తో మార్చారు, ఇక నేను చెప్పే తేదీ నమ్మను, పెట్టెని గుర్తుపట్టను అంటోంది. వెనక్కి తిప్పిందీ, ముందుకి తిప్పిందీ, రెండూ గుర్తు పెట్టుకుంది. అన్నీ మరిచిపోయే ముసలి పలక ఈ ఒక్కటే గుర్తు పెట్టుకోవాలా?

ఆపి మళ్లీ లేపాను. బ్యాటరీ తీసి పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తేదీ మీట మీద కాగితం అంటించాను. తమ్ముడికి ఏమీ చెప్పలేదు. వాడు నా మొహం చూసి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

పిన్నికి చెప్పక తప్పలేదు. ఆవిడ చేతిలోని చేట అక్కడే వదిలేసి వాళ్లింట్లోకి వెళ్లిపోయింది.

పంచమి

పలకలో మరమ్మతువాళ్ల పేజీ ఒకటి దొరికింది. రెండు పక్క మీటలూ నొక్కి ఉంచి, పెన్నుతో తెర మూల మీద గుచ్చితే తెరుచుకుంటుంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. పై సర్వరు దొరకనప్పుడు పలక చుట్టుపక్కల ఫోన్లని తేదీ అడుగుతుందట. సిమ్ము ఉన్న ఫోన్లు ఐదు ఒకే తేదీ చెబితే నమ్ముతుందట. ఆ ఫోన్ల తేదీ ఎవరు ఎలా మార్చారో దానికి తెలియదు. ఐదు ఫోన్లకి నిజం తేదీ పెడితే చాలు, మా తవిటయ్య బతుకుతాడు.

మరి ఆ ఐదు ఫోన్లలో ‘దారి’ చచ్చిపోతుంది.

‘దారి’ని నిద్రపుచ్చి, తేదీ మార్చి, పని అయ్యాక మళ్లీ లేపొచ్చేమో అనుకున్నాను. యాప్‌లని నిద్రపుచ్చే ప్రోగ్రాము నా దగ్గర ఉంది. ముందు నా ఫోను మీద చూశాను. నాకు సముద్రం మీద ఎవరూ లేరు. నిద్రపుచ్చినా అది మధ్యలో తనే లేచి, తేదీ చూసి, తాళంచెవి మింగేసింది. తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

ఒక సాక్షి దొరికినట్టే. కొట్లోని పాత సామాన్లలోంచి మరో రెండు ఫోన్లని లేపాను. ఒకదానికి తెర లేదు, ఒకదానికి మాట లేదు. తేదీ చెప్పగలిగితే చాలు. ఇంకా రెండు కావాలి.

షష్ఠి

కూర్మన్న తాతకి అడగ్గానే కోపం వచ్చింది. ఆయన ఫోనులోంచి ‘దారి’ ఎప్పుడో తీసేశాడు, పేకాట మాత్రం ఉంది. దానికీ అదే గడువు. ఫోనుతో ఆడి గెలిచిన ఆటల లెక్క అందులో ఉంది.

“మెరకలో నా మీద గెలిచినోడు ఒకడైనా ఉన్నాడేటి? ఇప్పుడు అదంతా సున్నా సేసీమంటావు.”

తిట్టాడు, సణిగాడు, ఆఖరి ఆట ఒకటి ఆడి ఓడిపోయాడు, ఫోను నా ఒళ్లో పడేశాడు. నాలుగు.

మిగిలిన ఇళ్లన్నీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్లే. ప్రతి ఇంటి ఫోనూ సముద్రం మీద ఒక మనిషిని పట్టుకుని ఉంది. ఒకావిడ నన్ను చూస్తూనే తలుపు వేసుకుంది. ఇంకొకావిడ ఏడ్చి, ఎండుచేపలు ఇచ్చి పంపింది. ఆ చేపలు గుమ్మం ముందే విసిరికొట్టాలనిపించింది. తీసుకున్నాను. వాళ్ల మీద కోపం వచ్చింది, అది న్యాయమైన కోపం కాదని తెలిసింది, అయినా తగ్గలేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ తలుపు వేసుకునేదాన్నే.

దాలమ్మ పిన్ని గుమ్మం ఎక్కలేదు. ఏ మొహంతో అడగను? ఆవిడా నా వైపు రాలేదు.

సప్తమి

తమ్ముడు బావి దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. పెట్టె పని తగ్గించుకుంటోంది. పలక చూపిస్తున్న దాన్ని బట్టి నవమి దాటదు. పడవలు రావాల్సింది అష్టమికి. ఒక్క పడవ ముందుగా వచ్చినా ఆ ఇంటి ఫోను అడగొచ్చు. మునిగిపోయేవాడికి గడ్డిపరకే ఆసరా.

సాయంత్రం ఎర్రమ్మ మా ఇంటికే వచ్చింది. ఫోను తెర ఆగి ఆగి కదులుతోందట, చూసిపెట్టమంది. ఇచ్చేసి నీళ్లకి వెళ్లిపోయింది. నా మీద అంత నమ్మకం.

ఆ ఫోను నా అరచేతిలో ఉంది. తేదీ మీట తెరిచాను. ఏదో పాడైపోయింది, నేనేం చెయ్యలేకపోయాను అంటే నమ్మేస్తుంది. ఈ ఊళ్లో నా మాటని కాదనగలిగేంత ఫోను తెలిసినవాళ్లు లేరు. ఎర్రమ్మ మొగుడి మొహం గుర్తు తెచ్చుకోకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుంటే గుర్తు రాకుండా ఉంటుందా?

తమ్ముడు మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు.

“అప్పా, ఒద్దు.”

“నువ్వు పడుకో.”

“ఆ మనిషి నీళ్లలో పోతే, నా రొమ్ములో ఇది కొట్టుకున్నప్పుడల్లా నాకు ఇనిపిత్తాది. నాను బతకలేను.”

మీట మూసేశాను. ఎర్రమ్మ ఫోనులో చెత్త ఊడ్చి, తెర వేగం సరిచేసి ఇచ్చేశాను. ఎంత బాగా చేశావే అని మెచ్చుకుంది. ఆవిడ వెళ్లాక తమ్ముణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అష్టమి

పడవలు రాలేదు. దక్షిణపు గాలి ఎదురు కొడుతోంది.

కొట్లో ఇంకో చచ్చిన ఫోను ఉంది. ఉబ్బిన బ్యాటరీ తీసి, వేరేదానిది తీగలతో కట్టాను. తెర వెలిగింది. సిమ్ము చదివింది. తేదీ అడిగే పేజీ వచ్చింది. నిజం తేదీ వేస్తుండగా బుస్సుమని పొగ వచ్చింది. ఇసకలో పడేసేలోపే కరిగి ముద్దయిపోయింది. వేళ్లు కాలాయి. ఆ నొప్పి వంకతో చాలాసేపు ఏడ్చాను.

తమ్ముడి పెదాలు నీలంగా ఉన్నాయి. అంబలి గొంతు దిగడం లేదు. నాలుగడుగులు వేస్తే రొప్పుతున్నాడు. వాడు నాకంటే చాలా చిన్నవాడు. వాడికి నడక నేర్పింది నేనే. ఇవాళ గడప దాటించడానికి మళ్లీ నేనే చెయ్యి పట్టుకున్నాను.

పెట్టె చేసినవాళ్ల మీద, గడువు పెట్టినవాళ్ల మీద, వాళ్ల సర్వర్లని ముంచిన నీళ్ల మీద, అందరి మీదా కోపంగా ఉంది. వినేవాళ్లు ఎవరూ లేరు.

నవమి

కాలిన వేళ్లతో కలం పట్టుకోలేకపోతున్నాను. అయినా ఇది రాయాలి.

పొద్దున్నించీ సముద్రం వైపే చూశాను. ఒక్క తెరచాపా లేదు. మధ్యాహ్నానికి తమ్ముడు పిలిస్తే పలకడం మానేశాడు. రొమ్ము మీద చెవి పెడితే రెండు దెబ్బల మధ్య అంతులేని ఖాళీ. నాలుగు ఫోన్లూ వాడి చుట్టూ పెట్టి, పలక రొమ్ము మీద పెట్టి కూర్చున్నాను. ఇంకొకటి కావాలి అంటుంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. దాన్ని బతిమాలాను. యంత్రాన్ని బతిమాలేదాన్ని పిచ్చిదని నేనే ఎన్నోసార్లు వెక్కిరించాను.

దాలమ్మ పిన్ని వచ్చింది. చేతిలో ఫోను ఉంది, మూలన ఉగాది నాటి పసుపు ఇంకా ఉంది. నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. కావాల్సింది అదే కదా.

“పిన్నీ, చిన్నాన్న ఇంకా రాలేదు.”

“రానేదు. నాకు తెలీదేటి?”

“నేను అడగలేను.”

“నువ్వు అడగనేదు. తిప్పింది నాను. మల్లీ తిప్పాల్సిందీ నానే. తేదీ సెప్పు.”

నేను చెప్పలేదు. ఆవిడ తమ్ముడి రొమ్ము మీదికి వంగి పలక చూసింది. నిజం తేదీ దాని నెత్తి మీదే ఉంది. అంకెలు ఒక్కొక్కటే చూసుకుంటూ తన ఫోనులో వేసుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోగలిగేదాన్నే, పట్టుకోలేదు. తెర మీద ‘దారి’ బూడిద రంగుకి తిరిగింది. పిన్ని ఫోనుని తమ్ముడి పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది.

పలక ఆలోచించింది. ఆ తరవాత ఆకుపచ్చ గీత వచ్చింది.

కాసేపటికి తమ్ముడు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మంచినీళ్లు అడిగాడు. తేరుకోగానే పక్కనున్న ఫోను చూశాడు. ఎవరిదో గుర్తుపట్టాడు.

దశమి

గట్టు మీద మంట వేశాం. ఊళ్లో ఉన్న కర్రా కంపా అంతా తెచ్చారు. ఆ ఎండుచేపలిచ్చినావిడ తన పందిరి గుంజలు పీకి తెచ్చింది. తమ్ముడు డప్పు పట్టుకుని గట్టు అంచున కూర్చున్నాడు, వద్దంటే వినలేదు. మంట గట్టు ఎక్కడుందో చెబుతుంది. నీళ్ల కింద మేడలెక్కడున్నాయో చెప్పలేదు. అది అందరికీ తెలుసు.

పిన్ని మంటలో కర్రలు వేస్తూనే ఉంది.

ద్వాదశి

పడవలు వచ్చాయి. గురవయ్య చిన్నాన్నది తప్ప అన్నీ వచ్చాయి.

ఎర్రమ్మ మొగుడు లచ్చుమయ్య చెప్పాడు. కిందూరు అవతల వరకూ అందరూ కలిసే వచ్చారట. చిన్నాన్న వల బరువుగా ఉండి వెనకబడ్డాడు. ఆగుతామంటే ఒప్పుకోలేదు. “మీరు ఎల్లండిరా, గట్టు మీద మా దాలి ఉన్నాది, అదే సూపిత్తాది” అన్నాడట.

ఈ మాట చెప్పేటప్పుడు లచ్చుమయ్యకి ఇక్కడ జరిగింది తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు తల దించుకున్నారో అర్థంకాక మా మొహాలు చూశాడు. పిన్ని అక్కడే ఉంది. అంతా వింది. వలలో ఏం పడిందట అని అడిగింది. వంజరాలు అన్నాడు. మంచి చేప అంది.

చతుర్దశి

లచ్చుమయ్యవాళ్లు కిందూరు వెతికి వచ్చారు. పాత సెల్లు టవరు కొన నీళ్లకి జానెడు కింద ఉంటుంది. దాని ఇనప చువ్వకి పడవ ముందు భాగం గుచ్చుకుని ఉందట. వలా, మనిషీ కనపడలేదు. ఆ చెక్క తెచ్చి పిన్ని గుమ్మంలో పెట్టారు.

నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.  నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆవిడ చెక్క మీద ఉప్పు గోకుతూ, తవిటయ్య తిన్నాడా అని అడిగింది.

వాడు రెండు రోజులుగా తినడం లేదు. ఆ సంగతి చెప్పలేదు.

పున్నమి

ఇవాళ పని లేదు. కొట్టు తెరవలేదు. పలక పెట్టాల్సిన రోజు రేపే. తమ్ముడు పెట్టనివ్వనంటున్నాడు.

బహుళ పాడ్యమి

పొద్దున్న పలక తీసుకుని వెళితే తమ్ముడు నా చెయ్యి తోసేశాడు. గెడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయాయి.

“ఆగిపోనీ అప్పా. ఆ మనిషి ఊపిరి నాను పీల్చుకుంటన్నాను.”

బతిమాలాను, కసిరాను, చివరికి పలక అక్కడ పెట్టి మంచం కోడుకి తల ఆన్చి కూలబడ్డాను. ఇంత చేసి, ఒక మనిషిని పోగొట్టి, మళ్లీ మొదటికొచ్చాం. గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. పిన్ని. చేతిలో చోడి అంబలి గిన్నె. ఎంతసేపటి నించి వింటోందో.

గిన్నె కింద పెట్టి మంచం మీద కూర్చుంది. తమ్ముడు లేవబోయాడు. భుజం పట్టుకుని పడుకోబెట్టింది.

“ఏరా తవుడూ, ఆగిపోమంటన్నావేటి దాన్ని?”

వాడి కళ్లవెంట నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

“మీ సిన్నాన్న దారి అడిగినప్పుడు నా ఫోను పలకనేదు. ఆ మనిషి ఎంతసేపు ఎదురుసూసినాడో, నన్నేటనుకున్నాడో నాకు తెలీదు. బతికున్నన్నాళ్లు నాను అదే తలుసుకోవాల. ఇప్పుడు నువ్వూ పోతే, ఆ మనిషి దేనికి పోనాడని సెప్పుకోనురా?”

“పిన్నీ...”

“నీ కోసం కాదు. నా కోసం ఉండు.”

చొక్కా పక్కకి తీసి, వాడి రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది.  బయట ఎవరో పిల్లని పేరు పెట్టి పిలుస్తున్నారు. చాలాసేపటికి పిన్ని తల ఊపింది, లోపల ఎవరో చెప్పినదానికి సరేనన్నట్టు.

“కొట్టుకుంటంది” అంది.

తమ్ముడు చేత్తో కళ్లు తుడుచుకుని, పలక వైపు చూసి, నాకు తల ఊపాడు. తెచ్చాను. పిన్ని చెయ్యి తియ్యలేదు. తియ్యమని నేనూ అనలేదు. ఆ చెయ్యి పక్కనే కొంచెం చోటు చూసుకుని పలక పెట్టాను. ఆకుపచ్చ గీత వచ్చింది.

ఇవాళ పని ఇదొక్కటే.